అత్తలేని సీరియల్... అత్తాకోడళ్ళను కలిపింది!

అత్తాకోడళ్ళ పోట్లాట చూడటానికి ప్రపంచంలో ఎక్కడా టిక్కెట్టు కొనక్కర్లేదు. మా ఇంట్లో అయితే రోజుకు రెండాటలు! పొద్దున పాలగిన్నె దగ్గర మార్నింగ్ షో, రాత్రి అన్నాల వేళ సెకండ్ షో. పండుగలకూ, చుట్టాలొచ్చినప్పుడూ మ్యాట్నీ అదనం. అలాంటి ఇంట్లో పుట్టి పెరిగినవాణ్ణి కనుక కుటుంబ హాస్యం గురించి నాలుగు ముక్కలు రాసే అర్హత నాకుందనే అనుకుంటున్నాను. ఏమంటారు?

మాది సూర్యాపేట. అమ్మ పుట్టిల్లు కోదాడ. మా ఒక్కగానొక్క మేనత్తను ఇచ్చింది మిర్యాలగూడ. సూర్యాపేట నుంచి విజయవాడ రోడ్డు పట్టుకుంటే కోదాడ, దక్షిణానికి తిరిగితే మిర్యాలగూడ. రెండూ బస్సులో గంట, గంటన్నర ప్రయాణం. అంటే గొడవ కబురు అందగానే చెప్పులు తొడుక్కుని బయల్దేరితే, వేడి చల్లారకముందే వచ్చి వాలేంత దూరమన్నమాట!

అప్పట్లో మూడూ నల్లగొండ జిల్లా ఊళ్ళే. 2016 అక్టోబరులో జిల్లాలను విడగొట్టినప్పుడు కోదాడ సూర్యాపేట జిల్లాలోకి వచ్చింది, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. అధికారులు అప్పుడు చేసిన విభజన మా ఇంట్లో అంతకు చాలా ఏళ్ళ ముందే జరిగిపోయిందండీ. వంటింట్లో కోదాడ పార్టీ, ముందు గదిలో మిర్యాలగూడ పార్టీ. మధ్య వసారాలో మా నాన్న... ఏ పార్టీ టిక్కెట్టూ దొరకని స్వతంత్ర అభ్యర్థి!

ఈ రెండు పార్టీలనూ ఒక్కచోట కూర్చోబెట్టి నవ్వించిన ఘనత ఒక టి.వి. సీరియల్‌ది. చిత్రమేమిటంటే, ఆ సీరియల్ ఇంట్లో అత్తగారు అనే మనిషే లేదు! ఆ సంగతి చెప్పాలంటే ముందు కాస్త వెనక్కి వెళ్ళాలి.

గుండమ్మ గారి గడప

మన తెలుగువాళ్ళకు గయ్యాళి అత్త అనగానే కళ్ళ ముందు నిలిచే రూపం ఒక్కటే... శ్రీమతి సూర్యకాంతం. నడుం మీద ఎడమచెయ్యి పెట్టి, ఓరగా ఒక్క చూపు చూసి, ఆవిడ మాట విసిరితే నేల క్లాసు నుంచి బాల్కనీ దాకా హాలు ఘొల్లుమనేది. కాకినాడ దగ్గరి పల్లెలో 1924లో పుట్టి, 1994లో కన్నుమూసేదాకా ఆవిడకు పోటీ రాలేదు. ఆవిడ వేసిన వేషాల ప్రభావం ఎంతంటే, తెలుగుదేశంలో ఆడపిల్లలకు సూర్యకాంతం అని పేరు పెట్టడమే మానేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజ జీవితంలో ఆవిడ వెన్నలాంటి మనిషనీ, ఇంట్లో వండిన పిండివంటలు సెట్టుకు తెచ్చి అందరికీ పంచిపెట్టేదనీ తోటి నటీనటులు ఎన్నోసార్లు చెప్పారు. కానీ తెరమీది అత్త ముందు ఆ సంగతి ఎవరికి గుర్తుంటుంది చెప్పండి!

1962లో విజయా వారి "గుండమ్మ కథ" వచ్చినప్పుడు మా నాయనమ్మ కొత్త కోడలు. సూర్యాపేటలో టాకీసులో నేల టిక్కెట్టు మీద చూసిందట. ఒకవైపు ఎన్.టి.రామారావు, ఇంకోవైపు అక్కినేని, సావిత్రి, జమున, ఎస్.వి.రంగారావు... ఇంతమంది హేమాహేమీలుండగా సినిమా పేరు మాత్రం సూర్యకాంతం గారి పాత్రది! ఆ గుండమ్మ పొగరు అణచడానికి ఛాయాదేవి వచ్చి ఇంట్లో తిష్ట వేస్తుంది చూడండి... అక్కడ హాల్లో ఈలలు పడ్డాయని నాయనమ్మ చెప్పేది. "నేను గూడ మా అత్త యాదికొచ్చి చప్పట్లు కొట్టిన" అనేది నవ్వుతూ.

అదే నాయనమ్మ, నలభయ్యేళ్ళ తర్వాత అదే సినిమా టి.వి.లో వస్తే ఏమందో తెలుసా? "పాపం గుండమ్మ! అందరు కలిసి ముసల్దాన్ని ఆగం జేసిండ్రు" అంది. సినిమా మారలేదు. చూసే మనిషి కోడలి పీట మీంచి అత్త పీట మీదికి జరిగింది, అంతే!

ఇక్కడే ఉంది అసలు కిటుకు. అత్తాకోడళ్ళ హాస్యంలో ప్రేక్షకుడు ఎవరో ఒకరి పక్షం చేరాల్సిందే. భానుమతి గారు "అత్తగారి కథలు" రాసినప్పుడు ఆ గీతను చాలా తెలివిగా చెరిపారు. ఆ కథల్లో కోడలే కథ చెబుతుంది. అత్తగారి చాదస్తం మీద నవ్విస్తుంది, కానీ ఆ నవ్వులో ప్రేమ తప్ప విషం ఉండదు. సినిమాల్లో మాత్రం అంత మెత్తదనం అరుదు. చివరి రీలులో అత్త ఓడాలి, కన్నీళ్ళు పెట్టుకోవాలి, కోడలు కాళ్ళ దగ్గర నుంచి లేపాలి. అప్పుడే శుభం కార్డు!

పెట్టెలోకి దూరిన తగాదా

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. దేశమంతా ఇంటింటి తగాదాను చూసి నవ్వడం మాత్రం 1984లో "యే జో హై జిందగీ"తో మొదలైందని చెప్పుకోవచ్చు. శరద్ జోషి రచన, కుందన్ షా తదితరుల దర్శకత్వం. షఫీ ఇనాందార్, స్వరూప్ సంపత్ భార్యాభర్తలు. వాళ్ళింట్లో తిష్ట వేసిన ఉద్యోగం లేని బావమరిదిగా రాకేష్ బేడీ. ప్రతివారం ఒక కొత్త వేషంలో ఊడిపడే సతీష్ షా! హిందీ అంతంతమాత్రం వచ్చిన మా నాన్న కూడా పక్కింటి నలుపు తెలుపు టి.వి. ముందు కూర్చుని, ఆ బావమరిదిని చూసి పడీపడీ నవ్వేవాడట. పెళ్ళయ్యాక కోదాడ నుంచి మా మేనమామలు వచ్చి నాలుగేసి రోజులు ఉంటుంటే ఆ నవ్వు కాస్త తగ్గిందని అమ్మ అంటుంది!

1994లో "తూ తూ మై మై" వచ్చింది. అత్తగా రీమా లాగూ, కోడలుగా సుప్రియ. దర్శకుడు సుప్రియ భర్త సచిన్. పేరులోనే "నువ్వా నేనా" ఉంది కదా, వారం వారం అదే కథ. 2004లో "సారాభాయ్ వర్సెస్ సారాభాయ్" వచ్చేసరికి అత్త గొంతు పెంచడం కూడా మానేసింది. రత్నా పాఠక్ షా నవ్వుతూ, తియ్యగా కోడల్ని మధ్యతరగతి మనిషివి అని పొడుస్తుంటే, మామగారుగా సతీష్ షా కోడలి పక్షాన నిలబడి నిప్పు మీద నెయ్యి పోసేవాడు. వేషానికో మనిషిగా కనిపించిన ఆ సతీష్ షాయే ఇరవయ్యేళ్ళ తర్వాత ఇలా దేశానికంతటికీ మామగారయ్యాడు. 2025 అక్టోబరులో ఆయన పోయినప్పుడు మూడు తరాల వాళ్ళు తమ ఇంటి మనిషి పోయినట్లు బాధపడ్డారు.

ఇది మన దేశానికే పరిమితమైన జబ్బు అనుకునేరు! అమెరికాలో 1996 నుంచి 2005 దాకా తొమ్మిది సీజన్లు నడిచిన "ఎవ్రీబడీ లవ్స్ రేమండ్" కథేమిటి? కొడుకూ కోడలూ వేరు కాపురం పెట్టారు. కానీ ఎక్కడ? అమ్మానాన్నల ఇంటికి ఎదురుగా! అత్త పిలవకుండా వస్తుంది, కోడలి వంటకు వంకలు పెడుతుంది, కొడుకు నోరు మెదపడు. దాన్ని రష్యావాళ్ళు తమ భాషలోకి తెచ్చుకుని ఏళ్ళ తరబడి చూశారు. 2015లో మన హిందీవాళ్ళు కూడా తెచ్చుకున్నారు. న్యూయార్కైనా, మాస్కోయైనా, మన మిర్యాలగూడైనా... అత్త అత్తే, కొడుకు కొడుకే!

ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర

ఇక తెలుగు సంగతి. 2000 సంవత్సరం జూలైలో హిందీలో "క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ" మొదలయ్యాక అత్తాకోడళ్ళ కథకు నవ్వు పోయి ఏడుపు పట్టుకుంది. తలుపు తీస్తే మూడుసార్లు చూపించడం, కళ్ళు తిప్పితే ఉరుము ఉరమడం... ఆ గాలి తెలుగు చానెళ్ళలోకీ వీచింది.

సరిగ్గా అలాంటి రోజుల్లో, 2001 నవంబరు 18న, జెమినీ టి.వి.లో "అమృతం" మొదలైంది. నిర్మాత, సృష్టికర్త శ్రీ గుణ్ణం గంగరాజు. సంస్థ పేరు జస్ట్ ఎల్లో. తర్వాత "ఐతే" సినిమాతో పేరు తెచ్చుకున్న చంద్రశేఖర్ ఏలేటి మొదట్లో దీనికి దర్శకత్వం వహించారు. సిరివెన్నెల గారు రాసిన టైటిల్ పాటకు కల్యాణి మాలిక్ బాణీ కట్టారు. ఆ పాట వినబడగానే మా వీధిలో చెంబులూ తప్పేలాలూ ఎక్కడివక్కడ ఆగిపోయేవి. ఆరేళ్ళు, 300 పైచిలుకు ఎపిసోడ్లు!

కథ చాలా చిన్నది. అమృతరావు, ఆంజనేయులు ప్రాణస్నేహితులు. ఒకడి భార్య సంజీవని, ఇంకొకడి భార్య శాంత. ఇద్దరు మిత్రులూ "అమృత విలాస్" అని ఒక హోటలు పెడతారు. అందులో పనిచేసేది సర్వం. నెత్తిమీద ఇంటి ఓనరు అప్పాజీ. అమృతరావుకు వారానికో బ్రహ్మాండమైన ఆలోచన వస్తుంది. వద్దురా అని చెప్పాల్సిన ఆంజనేయులు సరే అంటాడు. భార్యలకు తెలియకుండా మొదలుపెడతారు. ఒక అబద్ధాన్ని కప్పడానికి ఇంకో అబద్ధం, దాన్ని కప్పడానికి మూడోది... చివరికి గోడకు కొట్టిన బంతిలా తిరిగొచ్చి వీళ్ళ మొహానికే తగులుతుంది.

అమృతరావు వేషం ముందు శివాజీరాజా వేశారు, తర్వాత నరేష్, ఆ తర్వాత హర్షవర్ధన్. మనిషి మారిన ఆదివారం నాయనమ్మ కళ్ళజోడు తుడుచుకుని మరీ చూసింది. "ఏందిరా, మొగడు మారితే పెండ్లానికి ఎరుకయితలేదా?" అని అడిగింది! మారనివాళ్ళు కొందరున్నారు. ఆంజనేయులుగా గుండు హనుమంతరావు, అప్పాజీగా శివన్నారాయణ, సర్వంగా వాసు ఇంటూరి. హనుమంతరావు గారి గొప్పతనమేమిటంటే, తిట్లు తింటున్నప్పుడు ఆయన మొహంలో కనిపించే ఆ అమాయకపు అయోమయం. "నేనేం చేశాను?" అన్న ఆ చూపు ఒక్కటి చాలు, డైలాగు అక్కర్లేదు.

చుట్టాలు ఎప్పుడైనా వచ్చిపోతే పోవచ్చుగాక, ఆ రెండిళ్ళలో కాపురముండే అత్తగారు మాత్రం లేదు. పెత్తనం చేయడానికి అప్పాజీ చాలనుకున్నారేమో గంగరాజు గారు! అత్తను తీసేశాక మరి తప్పు ఎవరిమీద వేయాలి? ఇంకెవరు, మొగుళ్ళ మీదే!

రెండు పొయ్యిలు

ఇప్పుడు మా ఇంటి కథకు వస్తాను. అది 2003. నాకు పదిహేనేళ్ళు.

మిర్యాలగూడలో మా మామయ్య రైస్ మిల్లులో గుమాస్తా. సాగర్ ఎడమ కాలువ నీళ్ళతో చుట్టుపక్కల పండే వడ్లన్నీ ఆ ఊరి మిల్లులకే చేరతాయి. ఏళ్ళ తరబడి ఇంకొకరి బస్తాలు లెక్కపెట్టీ పెట్టీ, ఆయనకూ సొంతంగా బియ్యం వ్యాపారం చేయాలని బుద్ధి పుట్టింది. చేశాడు, దెబ్బతిన్నాడు. అప్పులవాళ్ళు ఇంటిమీదికొచ్చారు. మేనత్త ఏడుస్తూ ఫోను చేసింది. మా నాన్న ఏం చేశాడంటే... అమ్మకు కోదాడవాళ్ళు పెళ్ళిలో పెట్టిన రెండుపేటల గొలుసును బీరువాలోంచి తీసి, బ్యాంకులో కుదువపెట్టి, ఆ డబ్బు మిర్యాలగూడ పంపించాడు. అమ్మకు ఒక్క మాట చెప్పలేదు!

మూడు నెలల తర్వాత పెళ్ళికి పోవడానికి అమ్మ బీరువా తెరిచింది. అంతే!

"నా పుట్టింటోళ్ళు పెట్టిన గొలుసు. నన్ను ఒక్క మాట అడిగిండ్రా?" అమ్మ గొంతు నాకు ఇప్పటికీ వినబడుతుంది.

"ఆడపిల్ల కష్టంల ఉంటే అన్న ఆదుకోడా? బంగారమే ఎక్కువైందా మనిషి కన్న?" నాయనమ్మ అందుకుంది.

మర్నాడు పొద్దున్నే కోదాడ నుంచి అమ్మమ్మ దిగింది. మా అమ్మమ్మది సరిహద్దు మాట, అటు కృష్ణా జిల్లా యాస కలిసి ఉంటుంది. కాళ్ళు కూడా కడుక్కోకుండా, "ఏం వదినా, మా పిల్ల బంగారం మీ పిల్ల అప్పులకా? ఇదెక్కడి న్యాయం?" అని అడిగింది. మధ్యాహ్నం బస్సుకు మిర్యాలగూడ నుంచి మేనత్త దిగింది. ఆ రోజు మా ఇంట్లో జరిగింది హాస్యం కాదండీ. ఎవరూ ఎవరి కాళ్ళమీదా పడలేదు, శుభం కార్డూ పడలేదు. సాయంత్రానికి ఇద్దరూ చెరో బస్సెక్కి పోయారు. నిప్పు మాత్రం ఇక్కడే ఉండిపోయింది.

వారం తిరక్కుండా నాయనమ్మ ముందు గదిలో కిరసనాయిలు స్టవ్ పెట్టుకుంది. ఒకే కప్పు కింద రెండు పొయ్యిలు. నాలుగు నెలలు అత్తాకోడళ్ళకు మాటల్లేవు. నేనే పోస్ట్‌మాన్. "మీ నాయనమ్మ మాత్ర వేసుకుందేమో అడుగు" అని అమ్మ. "వేసుకున్నదని చెప్పు" అని నాయనమ్మ. మధ్యలో మూడడుగుల దూరం!

మా నాన్న? ఆయన్ను ఎవరూ ఏమీ అనలేదు. అదే నాకు ఆ వయసులో అర్థం కాలేదు. గొలుసు తీసింది ఆయన. దాచింది ఆయన. పోట్లాట మాత్రం ఈ ఇద్దరాడవాళ్ళ మధ్య! ఆయన పేపరు అడ్డం పెట్టుకుని వసారాలో కూర్చునేవాడు.

టి.వి. ఒక్కటే ఉమ్మడి ఆస్తి. రోజువారీ ఏడుపు సీరియళ్ళు ఇద్దరూ చూసేవారు కానీ, చూసినకొద్దీ దూరం పెరిగేది. తెరమీద కోడలు ఎదురు చెబితే, "చూడు ఎట్ల మాట్లాడుతున్నదో, ఈ కాలం కోడండ్లంత ఇంతే" అని నాయనమ్మ గోడతో చెప్పేది. తెరమీద అత్త కుట్ర పన్నితే, "దేవుడున్నాడులే" అని అమ్మ తలుపుతో చెప్పేది. ఆ సీరియళ్ళు ఇద్దరికీ మాటలు అందించేవి, కత్తులు నూరి ఇచ్చినట్లు.

ఆదివారం రాత్రి మాత్రం వేరు. నాయనమ్మ మంచం మీద, అమ్మ వంటింటి గడప మీద. అమృతం వస్తుంటే ఇద్దరూ నవ్వేవారు. కానీ ఒకరి నవ్వు ఒకరికి కనబడకుండా నాయనమ్మ గోడవైపు తిరిగేది, అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది!

కేబుల్ పోయిన రాత్రి

ఒక ఆదివారం బయట వాన. అమృతరావు, ఆంజనేయులు ఎప్పటిలాగే భార్యలకు తెలియకుండా ఏదో చేశారు. బండారం బయటపడబోతోంది. సంజీవని తలుపు తీయబోతోంది... టప్! తెరంతా చుక్కలు. కేబుల్ పోయింది.

రెండు నిమిషాలు చూశాం. రాలేదు. అప్పుడు నాయనమ్మ, అలవాటు చొప్పున కాబోలు, నావైపు కాకుండా గడపవైపు తిరిగి అడిగింది.

"దొరుకుతడంటవా?"

నాలుగు నెలల తర్వాత మొదటి మాట! నేను ఊపిరి బిగబట్టాను. అమ్మ ఒక్క క్షణం ఆగింది.

"దొరకడు. ఆంజనేయుల మీద తోసేస్తాడు చూడండి" అంది.

"ఎహె, దొరుకుతడు. వాని మొఖమే చెప్తది గద. అచ్చం మావాని లెక్కనే... చెయ్యకముందు చెప్పడు, చేసినంక నోరు మెదపడు."

వసారాలో పేపరు కదిలింది.

అమ్మ పెదవి బిగించింది కానీ ఆగలేకపోయింది. "పెంచిన చేతులు మీవే కదా అత్తమ్మా" అంది.

ఇంక అయిపోయిందనుకున్నాను. నాయనమ్మ అమ్మను తేరిపార చూసింది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "నేను ఇరవయ్యేండ్లు పెంచితిని. నువ్వు పదహారేండ్ల సంది ఏలుతున్నవు. ఎవ్వరికి లొంగకపాయె గదనే వీడు!"

ఈసారి అమ్మ కొంగు అడ్డం పెట్టుకోలేదు.

పక్క వీధిలో కేబుల్ ఉందేమో, ముగింపు కనుక్కురమ్మని నన్ను తరిమారు. వానలో సైకిలేసుకుని నా మిత్రుడి ఇంటికి పోయి, కథంతా అడిగి తెలుసుకుని, తడిసి ముద్దై తిరిగొచ్చాను. వచ్చేసరికి నాయనమ్మ స్టవ్ వెలగలేదు. వంటింట్లో పీట మీద కూర్చుని అమ్మ వడ్డించిన పప్పుచారు అన్నం తింటోంది. నాన్న కూడా పక్కనే తలొంచుకుని తింటున్నాడు. ఆయనకు ఇద్దరూ కలిసి ఒకేసారి చీవాట్లు పెడుతున్నారు! సీరియల్ ముగింపు నన్ను ఎవరూ అడగలేదు. అరగంట తర్వాత గుర్తొచ్చి అడిగారు. చెప్పాను. ఇద్దరి జోస్యమూ తప్పింది!

నవ్వు గొలుసును తెచ్చిందా?

తేలేదండీ. అబద్ధం ఎందుకు చెప్పాలి? గొలుసు రావడానికి ఆ తర్వాత కూడా ఏడాదికి పైగా పట్టింది. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర రెండేళ్ళకోసారి వస్తుంది కదా... ఆ తర్వాత వచ్చిన జాతరకు మేనత్త వచ్చి, కొంగుముడి విప్పి, గొలుసు అమ్మ చేతిలో పెట్టి, "వదినా, ఆలస్యమైంది" అంది. ఆ ఏడాదంతా వడ్డీ కట్టింది నాన్న జీతం. కోదాడ అమ్మమ్మ మాత్రం చివరిదాకా "వదినా" అన్న పిలుపులో కాస్త కారం ఉంచుకునే మాట్లాడింది. అమృతం వల్ల అప్పులు తీరవు, బంగారం రాదు.

కానీ ఒకటి జరిగింది. తప్పు ఎవరిదో ఆ ఇద్దరికీ ఒకేసారి కనబడింది. నాలుగు నెలలు వాళ్ళు ఒకరినొకరు చూసుకుంటూ కోపగించుకున్నారు. ఆ రాత్రి ఇద్దరూ కలిసి ఒకేవైపు చూశారు. అటువైపు మా నాన్న పేపరు అడ్డం పెట్టుకుని కూర్చుని ఉన్నాడు!

ఇప్పుడు ఆలోచిస్తే అనిపిస్తుంది. గుండమ్మను చూసి నవ్వాలంటే కోడలు కావాలి. ఏడుపు సీరియల్లో కోడల్ని తిట్టాలంటే అత్త కావాలి. అమృతం చూసి నవ్వడానికి మాత్రం ఏ పీటా అక్కర్లేదు. రేమండ్ కథలోనూ గమనించండి. అత్తాకోడళ్ళు ఎంత పోట్లాడుకున్నా, చివరికి మనం నవ్వేది ఆ మధ్యలో నిలబడి నోరు విప్పని కొడుకును చూసే. పోట్లాట పెట్టేది ఎవరు, పోట్లాడేది ఎవరు అన్న తేడా మంచి హాస్యానికి తెలుసు. ఏడుపుగొట్టు కథకు తెలియదు, తెలిసినా చెప్పదు. చెబితే మర్నాటి ఎపిసోడ్ ఉండదుగా మరి!

"అమృతం" 2007 నవంబరులో ముగిసింది. 2014లో "అమృతం చందమామలో" అని సినిమాగా తీశారు. 2018 ఫిబ్రవరిలో గుండు హనుమంతరావు గారు వెళ్ళిపోయారు. 2020 ఉగాది నాడు, దేశమంతా తాళాలు పడిన మొదటిరోజునే, "అమృతం ద్వితీయం" అని జీ ఫైవ్‌లో మళ్ళీ మొదలుపెట్టారు. ఆంజనేయులుగా ఎల్.బి.శ్రీరామ్ గారు వేశారు. బాగానే వేశారు. కానీ దాన్ని చూస్తూ "అచ్చం మావాని లెక్కనే" అనడానికి అప్పటికి మా నాయనమ్మ లేదు.

పాత ఎపిసోడ్లు ఇప్పుడు యూట్యూబ్‌లో ఉన్నాయి. కేబుల్ పోయే భయం లేదు, వాన పడితే చుక్కలు రావు. నాకు పెళ్ళయింది. మా అమ్మ ఇప్పుడు మంచం మీద కూర్చుంటుంది, నాయనమ్మ కూర్చున్న చోటే. నా భార్య గడప మీద. ఇద్దరి మధ్యా అప్పుడప్పుడూ మార్నింగ్ షోలు లేకపోలేదు. ఆ మధ్య ఒక ఆదివారం ఇద్దరూ ఒకే ఫోనులో తలలు పెట్టి అమృతం చూస్తున్నారు. నేను వసారాలో కూర్చుని, వాళ్ళకు చెప్పకుండా చేసిన ఒక చిన్న పని ఎలా చెప్పాలా అని ఆలోచిస్తున్నాను.

తల ఎత్తేసరికి ఇద్దరూ నవ్వుతూ నావైపే చూస్తున్నారు!

చేతిలో పేపరు లేదు, అడ్డం పెట్టుకోవడానికి. చెప్పేశాను.